నైట్రోజన్ పెళ్లికొడుకు

పెళ్లికొడుకు ఇటుకల ట్రాక్టర్ ఎక్కి చర్చికి పోవడం మీరెప్పుడైనా చూశారా? చూడలేదంటే మీరు నా పెళ్లికి రాలేదన్నమాట. పోనీలెండి, ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను.

పటాన్‌చెరులో కొత్తగా ఫ్యాక్టరీలు లేస్తున్న డెబ్బైల నాటి మాట. వాటిలో ఒకదాంట్లో నాకు ఉద్యోగం. విమానాల టైర్లలో నైట్రోజన్ నింపుతారని మా సూపర్‌వైజర్ ఒకసారి అన్నాడు. అంతే, నా తలకాయలో కూడా అదే గ్యాసు నిండింది. పెళ్లికి కిరాయి మాట్లాడిన జీపును ఫ్యాక్టరీకి తెప్పించి, ఆయన్ను బతిమాలి, నాలుగు టైర్లలోనూ మామూలు గాలి తీయించి సిలిండర్‌లోంచి నైట్రోజన్ కొట్టించాను.

తెల్లారి సంగారెడ్డి చర్చికి బయలుదేరబోతుంటే, అమ్మ లడ్డూల గంపకు జీపులో చోటు చాలలేదు.

"స్టెపినీ టైరు దింపెయ్యి యాదన్నా," అన్నాను డ్రైవర్‌తో.

"వద్దు సారూ, తొవ్వల పంచరైతే?"

"గిది విమానం గ్యాసు. పంచర్ గాదు!"

"గా సంగతి మేకుకు ఎర్కనా సారూ?"

నేను జాలిగా నవ్వి స్టెపినీ దింపించాను.

సగం దూరంలో జీపు కుంటి గేదెలా ఓ పక్కకు ఒరిగింది. టైరులో బొటనవేలంత మేకు! నా విమానం గ్యాసు బుస్సుమంటూ తన దారిన తాను పోయింది.

"ఇగ ఏం జేద్దాం బిడ్డా?" అంది అమ్మ, గంపను పొదువుకుని.

దేవుడు పంపినట్టు ఇటుకల ట్రాక్టర్ వచ్చింది. చర్చి చేరేసరికి ఇటుక దుమ్ముతో కనుగుడ్లు తప్ప నేనంతా ఎరుపే.

గుమ్మంలో కాబోయే మామ ఉడికిపోతున్నాడు. "పిల్లగాడు పారిపోయిండని జనమంత గుసగుసలు! ఏడ వోయినవయ్యా?"

"టైర్లల్ల నైట్రోజన్ కొట్టిచ్చిన మామా... ఇగ పంచర్ గాదని స్టెపినీ దింపేసిన..."

ఆయన వెనక తెల్లచీరలో పెళ్లికూతురు సుగుణ. స్కూల్లో సైన్స్ టీచరు. "మామూలు గాల్ల గూడ ముప్పావుకంటె ఎక్కువ నైట్రోజనే గదా! కొత్తగ ఏం కొట్టిచ్చినట్టు?" అని అడిగింది.

నేను చొక్కా దులుపుకోవడం మొదలుపెట్టాను.

"గిదంత బొంకు!" అరిచాడు మామ. "పారిపోతుంటే ఎవలో పట్టుకొచ్చిన్రు!"

సుగుణ ముసుగులోంచి పకపకా నవ్వింది. "గాదు నాయినా! పారిపోయేటోడైతే స్టెపినీ తీస్కపోతుండె!"

చర్చంతా గొల్లున నవ్వింది. మామ మీసాలు కూడా ఆగలేకపోయాయి. ఈ పిల్లతో నా బతుకు బండి ఎక్కడా ఆగదని నాకు ఆ క్షణాన గట్టి ధైర్యం వచ్చింది.

పాస్టరుగారు చేయించిన ప్రమాణంతో పాటు మనసులో ఇంకోటి కూడా చేసుకున్నాను: సుగుణను అడగకుండా ఈ జన్మలో ఏ బండిలోంచీ ఒక్క నట్టు కూడా దింపను. ఆమెన్.