నాయిన చెవికి గుచ్చుకున్న పాట

నిజాం పాలన పోయిన ఏడాది మా నాయిన మర్పల్లి దిక్కు ఒక పల్లెలో పాలేరు జీతం మానేసి, తాండూరు బండల గనుల్లో పనికి చేరాడు. నాకప్పుడు ఏడేళ్లు. మొదట్లో ఆయన సమ్మెటతో బండకు బెజ్జాలు కొట్టేవాడు. కొన్నాళ్లకు ఆ బెజ్జాల్లో మందు కూరి వత్తి అంటించే పని ఇచ్చారు. వత్తి అంటించి, పరుగెత్తి, మట్టి దిబ్బ వెనక కూర్చోవాలి. పేలాక దుమ్ము దులుపుకుని లేచి ఇంకో బెజ్జం దగ్గరికి పోవాలి. పదిహేనేళ్లు ఆయన చేసింది అదే. ఆ పనితోనే నన్ను చదివించాడు.

ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి. తెల్ల ధోవతి, ఇస్త్రీ అంగీ వేసుకుని చర్చిలో ముందు వరుసలో నిలబడి కీర్తన ఎత్తుకునేవాడు. చదువు రాదు, కానీ నూరు కీర్తనలు నోటికి వచ్చు. ఊళ్లో ఎవరింట్లో ప్రార్థన పెట్టినా ముందు మా నాయినకే కబురు వచ్చేది. అట్లాంటి మనిషి నేను టీచర్ ట్రైనింగుకు పోయి తిరిగి వచ్చేసరికి పాడటం మానేశాడు. మెల్లగా చర్చికి పోవడమూ మానేశాడు. అడిగితే, "గొంతు పోయింది బిడ్డా" అని ఒక్క మాట. పాస్టరుగారితో ఏదో మాట పట్టింపు వచ్చిందని కొందరు, పిల్ల టీచరయ్యేసరికి పొగరెక్కిందని కొందరు అనుకున్నారు. అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే చర్చికి పోయి, ఆ మాటలు విని, తల వంచుకుని వచ్చేది.

నాకు వికారాబాదులో ఉద్యోగం దొరికింది. అక్కడే ఒక గది తీసుకుని ఉంటూ, శనివారం బడి వదిలాక రైలెక్కి తాండూరు వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా నాయిన అరుగు మీద ఒంటరిగా కూర్చుని కనిపించేవాడు. గొంతు పోతే పోయింది, పాట వినొచ్చు కదా అనుకున్నాను. వికారాబాదు స్టేషను రోడ్డులో ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. అందరూ ఆయన్ని మిస్త్రీ సాబ్ అనేవారు. రికార్డులు మోగించే మిషనూ, దానికి కుడికొకటి ఎడమకొకటి రెండు స్పీకర్ పెట్టెలూ తయారుచేసి ఇమ్మని అడిగాను. ఆయన ఎంతో ఇష్టంగా చేశాడు. టేకు చెక్కతో పెట్టెలు కట్టి, ఒక్కోదానిలో లావు శబ్దానికి పెద్ద స్పీకరు, సన్న శబ్దానికి చిన్న స్పీకరు బిగించాడు.

"మీ నాయినకు డబ్బలకెల్లి వచ్చిన పాట లెక్క గాదు, మనిషి ఎదురుంగ కూసోని పాడినట్టు వినొస్తది చూడున్రి టీచరమ్మా" అన్నాడు.

పెట్టెలకు దుప్పట్లు చుట్టి రైల్లో తాండూరు తెచ్చాను. మా ఇల్లు ఆ ఊరి ఇళ్ల లాగే మొత్తం బండలే. నేల బండ, గోడ బండ, కప్పు మీదా బండే. ముందు గదిలో ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన పెట్టెలు పెట్టి, నాయినకు కుర్చీ వేసి, ఒక భక్తి పాటల రికార్డు పెట్టాను. పాడే ఆవిడది సన్నని గొంతు. అవ్వ గుమ్మంలో నిలబడి నవ్వు మొహంతో వింటోంది. రెండో చరణం కాకముందే నాయిన కుర్చీలోంచి లేచాడు.

"ఆపు బిడ్డా. జర ఆపు. చెవుల సూదులు గుచ్చినట్టయితుంది."

"మంచిగనే ఉంది గద నాయినా."

"ఏం మంచిగ? స అన్నప్పుడల్లా తగరం మీద ఇనుప మొల పెట్టి గీకినట్టు లేదా నీకు?"

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు అట్లా అనిపించలేదు. ఆయన అన్న తర్వాత, మళ్లీ పెట్టి చెవి పెట్టి వింటే, అవును, ఆ 'స'లూ 'శ'లూ కొంచెం పదునుగా ఉన్నట్టే తోచింది. ఇంకోసారి వింటే ఇంకా పదునుగా అనిపించింది. సాయంత్రానికి అవ్వ కూడా, "జర గీకుతున్నట్టే ఉంది" అంది. అంత మోజుపడి తెచ్చిన వస్తువు చెడ్డదని ఆ ఒక్క పూటలో నాకు నమ్మకం కుదిరిపోయింది.

సోమవారం మిస్త్రీ సాబ్ దగ్గరికి పోయి చెప్పాను. "పరేషాన్ గాకున్రి. కొత్త స్పీకర్ గద, పది దినాలు మోగితే మెత్తబడ్తది. అందాక సన్న శబ్దం మీట తగ్గించి పెట్టున్రి" అన్నాడు. మీట తగ్గించాం, నేను లేని రోజుల్లో అవ్వ మోగించింది, పది రోజులు గడిచాయి. నాయిన ప్రతిసారీ వచ్చి కూర్చునేవాడు, నా కోసం. ప్రతిసారీ ఆయన దవడలు బిగుసుకునేవి. మళ్లీ పోయి చెబితే, రికార్డు సూది అరిగినా 'స' దగ్గర గీకుతుందని చెప్పి కొత్త సూది ఇచ్చాడు. అదీ మార్చాం. ఏం మారలేదు.

మూడోసారి ఆయనే అడిగాడు, మా ఇల్లు ఎట్లాంటిదని. బండల ఇల్లని చెప్పగానే నుదురు కొట్టుకున్నాడు. "అదే బీమారి! బండ శబ్దాన్ని మింగదు, తిరిగి మొఖం మీద కొడ్తది. గోడలకు గొంగళ్లు కట్టున్రి, కింద బొంతలు పరువున్రి. పెట్టెలు సీదా కుర్చీ దిక్కు గాకుండ జర పక్కకు తిప్పున్రి."

ఆ శనివారం నేనూ అవ్వా ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ, పక్కింటి కన్నడ ఆవిడ దగ్గర అడిగి తెచ్చిన రెండూ కలిపి గోడలకు వేలాడదీశాం. నేలంతా బొంతలు. గది గొర్రెల దొడ్డి లాగా వాసన వేసింది. కానీ శబ్దం మారింది. మెత్తగా, దగ్గరగా వినిపించింది. చప్పట్లు కొట్టినా గోడ తిరిగి పలకలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నాయినను పిలిచి కూర్చోబెట్టి పాట పెట్టాను.

ఆయన చాలాసేపు ఓర్చుకున్నాడు. అది ఓర్చుకోవడమేనని ఆయన చేతులు చూస్తే తెలిసింది. కుర్చీ కట్టెను పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. పాట అయిపోయాక, "అయ్యిందా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ సోమవారం నేను చేసిన పని ఈనాటికీ నన్ను వదలలేదు. మిస్త్రీ సాబ్ దుకాణంలో నలుగురు గిరాకీలు ఉన్నారు. వాళ్ల ముందే నిలబడి, "చెడిపోయిన సామాను అంటగట్టిన్రు. ఒకసారి సూది అంటరు, ఒకసారి గోడ అంటరు. మా నాయిన గని పని చేసెటోడు గద, ఏం తెలుస్తదిలే అనుకున్నరా?" అన్నాను. ఆయన చేతిలోని కావియా, తీగలు అతికే ఆ వేడి కడ్డీ, పక్కన పెట్టాడు. మొహం నల్లబడిపోయింది.

"ఆదివారం నేనే వస్త టీచరమ్మా. నా చెవులతోని వింట" అన్నాడు.

అన్నట్టే సామాన్ల సంచీతో మొదటి రైలుకు వచ్చాడు. గొంగళ్ల గదిలో కూర్చుని రెండు రికార్డులు విన్నాడు. "గింత మంచిగ నా దుకాణంల గూడ మోగలే" అన్నాడు. నాయిన తల అడ్డంగా ఊపాడు. మిస్త్రీ సాబ్ వాదించలేదు. పెట్టెల వెనక చెక్క విప్పి, చిన్న స్పీకర్ల తీగలు కత్తిరించేశాడు. సన్న శబ్దం పుట్టేదే అక్కడ. మళ్లీ పెడితే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు మొద్దుగా వచ్చింది. అవ్వకు సగం మాటలు తెలియలేదు.

"ఇప్పుడెట్లున్నది పెద్దాయనా?"

"ఏం పాడుతున్నదో తెలుస్త లేదు. జర పెంచు."

పెంచాడు. నాయిన ఒక్కసారిగా రెండు చెవులూ మూసుకున్నాడు.

మిస్త్రీ సాబ్ తగ్గించాడు. మళ్లీ పిసరంత పెంచాడు. తగ్గిస్తే వినపడదు, పెంచితే గుచ్చుకుంటుంది. ఆ రెంటి నడుమ నాయినకు చోటే లేదు. మిస్త్రీ సాబ్ మిషను ఆపి, నాయిన వెనక్కి పోయి నిలబడి, జేబు గడియారం తీసి ఆయన చెవి పక్కన పెట్టాడు. నాయిన కదలలేదు. ఇంకో చెవికి పెట్టాడు. నాయిన ఎదురుగా ఉన్న నన్ను చూస్తూ, "ఎటు పోయిండు ఆయన?" అన్నాడు.

గడియారం టిక్కుటిక్కుమనడం నాకు మూడడుగుల దూరంలో వినిపిస్తోంది.

బయటికి వచ్చాక మిస్త్రీ సాబ్ నా మొహం చూడకుండా చెప్పాడు. "మా మామ రైలింజన్ల కారఖానల బాయిలర్లు కొట్టేటోడు. ఆయనకు గిట్లనే అయ్యింది. పెట్టెలల్ల ఏం లేదమ్మా. పట్నం తీస్కపోయి చూపియ్యున్రి." నేను ఆయనకు క్షమించమని చెప్పాలి. నోరు రాలేదు. ఆయన తీగలు మళ్లీ అతికించి, టీ కూడా తాగకుండా స్టేషనుకు నడిచిపోయాడు.

పట్నంలో పెద్ద దవాఖానలో ఒక డాక్టరు నాయిన చెవుల దగ్గర ఇనుప కడ్డీలు మోగించి చూశాడు. నాయిన లావుగా మోగేదాన్ని విన్నాడు. సన్నగా మోగేదాన్ని వినలేదు. డాక్టరు దాన్ని గట్టిగా కొట్టేసరికి ఉలిక్కిపడ్డాడు. ఏం పని చేస్తాడని డాక్టరు నన్నడిగాడు. చెప్పాను. ఆయన కలం మూసి పెట్టాడు. లోపలి నరం చచ్చిపోయిందనీ, మిగిలిన కాస్తా పుండు లాంటిదనీ, తాకితే నొప్పే తప్ప పాట రాదనీ చెప్పాడు. చెవుల్లో దూది అయినా పెట్టుకుని ఉంటే కొంత మిగిలేదన్నాడు. మందు లేదు. ఇంక పేలుళ్ల దగ్గరికి పోవద్దన్నాడు.

తిరుగు రైల్లో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. శంకర్‌పల్లి దాటాక నా వైపు తిరిగి అడిగాడు.

"నీకు రైలు కూత మంచిగనే వినొస్తదా బిడ్డా?"

"వినొస్తది."

"కీచురాయి కూసినట్టు ఉండదా? ఎప్పటికీ, పన్నా లేచినా?"

"లేదు నాయినా."

"ఏండ్ల సంది గిట్లనే ఉంది. ఈడు మీద పడ్డంక అందరికీ గిట్లనే వినొస్తదనుకున్న. అందరు ఓర్సుకుంటున్నరు, నాకే ఓపిక లేదనుకున్న. చర్చిల ఆడోళ్లు పాట ఎత్తుకుంటే నా పానం పోయేది. దేవుని పాట గుచ్చుకుంటుందని ఎవలతోని చెప్పాలె? నా లోపల దయ్యమేమన్న ఉన్నదేమో అని భయపడ్డ."

నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. ట్రైనింగు నుంచి సెలవులకు వచ్చినప్పుడు నేను సంబరంగా మాట్లాడటం మొదలుపెడితే ఆయన లేచి బయటికి పోయేవాడు. నా చదువు ఆయనకు దూరమయిందనుకుని రెండేళ్లు ముక్తసరిగా మాట్లాడాను. అవ్వ చేతిలోంచి గిన్నె జారితే ఆయన కొట్టడానికి చెయ్యెత్తేవాడు. అవ్వ ఇరవై ఏళ్ల కాపురంలో ఎన్నడూ చూడని ఆ కోపం చూసి, తనలోనే తప్పు వెతుక్కుంది. అందరం ఒక్క గదిలో ఉండి ఒకరికొకరం ఏమీ తెలియకుండా బతికాం.

తెలిసిన తర్వాత బతుకు సుఖపడలేదు. నాయిన గని పని మానేసి, బండలు లెక్క చూసే చిన్న పనిలో చేరాడు. అవ్వ గిన్నెల కింద గుడ్డ వేయడం నేర్చుకుంది. మేం మెల్లగా మాట్లాడితే ఆయనకు అర్థం కాదు, గట్టిగా మాట్లాడితే బాధ. అందుకని తక్కువ మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. చర్చి పెద్దలకు సంగతి చెబుదామంటే నాయిన ఒప్పుకోలేదు. "చెవిటోడనిపిచ్చుకునుడు కంటె పొగరుబోతు అనిపిచ్చుకునుడే నయం" అన్నాడు. గనిలో ఆయన తర్వాత వత్తి అంటించే పనికి చేరినవాడికి దూది పెట్టుకోమని చెప్పాడట. వాడు నవ్వి, దూది పెట్టుకుంటే పరుగెత్తమని అరిచే కేక ఎట్లా వినాలి అన్నాడట.

గొంగళ్లు దులిపి ఎవరివి వాళ్లకిచ్చేశాం. పెట్టెలు మిస్త్రీ సాబ్‌కు తిరిగి అప్పజెప్పాను. ఈసారి క్షమించమని చెప్పగలిగాను. "పోనీయున్రి టీచరమ్మా, మీరు మీ నాయిన దిక్కు మాట్లాడిన్రు" అన్నాడు. ఆ మాట నాకు ఏమంత ఊరట ఇవ్వలేదు. ఆయన వాటిని దుకాణం ముందు పెట్టి మోగించేవాడు. బడికి పోతుంటే ఆ పాట రోడ్డు మీదికి వినిపించేది. తేనె లాగా ఉండేది. నేను దారి మార్చుకున్నాను.

రెండేళ్లకు నాకు పెళ్లి కుదిరింది. చర్చిలో పాటలు వద్దు, ఒక్క ప్రార్థనతో కానిద్దామని అవ్వతో అన్నాను. నాయినకు ఎట్లా తెలిసిందో, నన్ను పక్కకు పిలిచాడు.

"నా కోసం నీ పెండ్లి మూగగ చేస్తవా? మంచిగ పాడిపియ్యి. నేను ముందట్నే కూసుంట."

అన్నట్టే ముందు వరుసలో, ఎన్నో ఏళ్ల తర్వాత, ఇస్త్రీ అంగీ వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు గొంతెత్తి మూడు కీర్తనలు పాడారు. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. కణతల మీదుగా చెమట కారుతోంది. ఊరివాళ్లు అది కూతురు పోతున్న దుఃఖమనుకున్నారు. నేను మాత్రం చరణాలు లెక్కపెట్టుకుంటూ, ఇంక ఎన్ని ఉన్నాయి, ఇంక ఎన్ని ఉన్నాయి అనుకుంటూ నిలబడ్డాను.

బండి ఎక్కేటప్పుడు నాయిన దగ్గరికి వచ్చి, నా నోటి కదలిక కనబడేటట్టు నిలబడి అడిగాడు.

"మంచిగ పాడిన్రా బిడ్డా?"

"మస్తు మంచిగ పాడిన్రు నాయినా" అన్నాను. నేనూ ఒక్క పాట వినలేదు.