నామం పెట్టుకున్న దెయ్యం

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. ఇంకా మోకాళ్ళ నొప్పులైనా రాలేదు, అప్పుడే నీకు చిన్నప్పుడేమిటి అంటుంది. జ్ఞాపకాలకి పింఛను వయసంటూ ఏమీ లేదు కాబట్టి నేను చెప్పేస్తాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నకి సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను అప్పటిదాకా ఉన్న సుంగై పెటాని అనే ఊరు వదిలి అక్కడికి మారిపోయాం. సుంగై పెటానిలో మా వీధిలో నన్ను ఆటకి పిలవని పిల్లలు లేరు. పిలవకపోయినా నేను వెళ్ళేదాన్ననుకోండి. సైబర్‌జయలో వీధి మొదట్లో కాపలాదారుడు ఉండేవాడు, ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. చేరిన కొత్తలో మా నాన్న ఒకసారి ఆఫీసు నుంచి వచ్చి పక్కింటి గేటు తీయబోయాడు. ఆ వీధితో మా కుటుంబానికి ఏర్పడిన పరిచయం అంతే.

సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే నేను గేటు లోపల నిలబడి చూసేదాన్ని. నన్ను ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు. పెద్ద విషాదమేమీ కాదు గానీ, మా గేటు ఊచల్లో ఏది వదులుగా ఉందో నాకు బాగా తెలిసిపోయింది.

అక్టోబరు చివర్లో ఒకరోజు ఎదురింటి అక్క ఆ గేటు దగ్గరికి వచ్చింది. చైనీస్ అమ్మాయి, నాకంటే కొంచెం పెద్దది, ఎన్నికలేవీ జరగకుండానే ఆ వీధి పిల్లలకి నాయకురాలు. శనివారం హాలోవీన్ అని, పిల్లలందరూ వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి 'ట్రిక్ ఆర్ ట్రీట్' అని అరిచి మిఠాయిలు అడుగుతారని చెప్పింది. గేటుకి నారింజ రంగు కాగితం కట్టిన ఇళ్ళకే వెళ్ళాలట. కొందరికి ఇలాంటివి ఇష్టం ఉండవు కాబట్టి, కాగితం లేని ఇంటి జోలికి పోకూడదట. "నువ్వూ రా లా, దెయ్యాలు తక్కువయ్యాయి," అంది, అక్కడ అందరూ మాట చివర ముద్దుగా 'లా' తగిలించే ఇంగ్లీషులో. అంతకంటే గౌరవమైన ఆహ్వానం నాకు ఈనాటి వరకూ అందలేదు.

అమ్మ వద్దంది. "దీపావళి ముందు దెయ్యం వేషమా? అయ్యయ్యో, వద్దు లా!" దెయ్యం సంగతి సాకని నాకప్పుడే తెలుసు. అసలు బాధ తర్వాత మాటలో బయటపడింది. "సంచీ పట్టుకుని ఇంటింటికీ పోయి అడుక్కుంటావా? కొత్తగా వచ్చినాము, అందరూ ఏమనుకుంటారు?"

మా అమ్మ వాళ్ళ తాతగారు రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. జేబులో పెన్ను, కాళ్ళకి బూట్లు ఉన్న మనిషి. ఎవరింటికైనా వెళితే ఇచ్చిన కాఫీని కూడా వద్దు వద్దని, బతిమాలించుకుని, చివరికి చల్లారాక తాగే వంశం అది. నాయనమ్మ వాళ్ళది అలాంటి ఎస్టేటులోనే చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసిన కుటుంబం. వాళ్ళకి కాఫీ వేడిగా ఉన్నప్పుడే తాగేయడం అలవాటు.

శనివారం వెళ్ళకపోతే ఈ వీధిలో నాకు ఒక్క స్నేహితురాలు కూడా దొరకదని, ఇలాగే ముసలిదాన్నైపోతానని ప్రకటించి నేను హాలులో కూలబడి ఏడ్చాను. నాన్న ఫోనులో ఏదో అతి ముఖ్యమైనది చదువుతున్నట్టు నటించాడు. నాయనమ్మ మాత్రం మునగాకు దూస్తూ తల ఎత్తింది.

"ఏటే గుంటా ఆ ఏడుపు? ఏటి అడుక్కోడానికి ఎల్తావు?"

"చాక్లెట్లు."

"చాకిలెట్లా? మాము బియ్యం అడుక్కున్నాం," అంది నాయనమ్మ, తనకి డబుల్ ప్రమోషన్ వచ్చినట్టు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ ఆకు దూస్తూనే చెప్పుకొచ్చింది. ఎస్టేటులో ఉన్నప్పుడు పెరటాసి అనే తమిళ నెలలో శనివారాలు పెరుమాళ్ళకి మొక్కుకునేవాళ్ళట. పిల్లలకి తలంటు పోసి, నామం పెట్టి, ఇత్తడి చెంబుకీ పసుపు రాసి నామం పెట్టి, వరసగా ఇళ్ళ ముందుకి పంపేవాళ్ళు. గుమ్మంలో నిలబడి గోవిందా అనాలి. ఎవరింట్లో ఏముంటే అది పోస్తారు. గుప్పెడు బియ్యం పోసిన ఇల్లయినా, చెంబెడు పోసిన ఇల్లయినా చెంబులో పడ్డాక తేడా తెలియదు. అదంతా వండి దేవుడికి పెట్టి అందరికీ పంచేవాళ్ళు. నాయనమ్మకి అప్పుడు నా వయసే.

"అత్తా, అది దేవుడి మొక్కు. ఇది దెయ్యం," అంది అమ్మ.

"దేముడికైనా దెయ్యానికైనా గుమ్మం ఒకటే కదే. అక్కడ నిలబడ్డం రావాల."

ఆ తర్వాత నాయనమ్మ నాకు షరతులు పెట్టింది. ఇచ్చినదేదైనా రెండు చేతులా పట్టాలి. ఏమిచ్చారో గుమ్మంలో తొంగి చూడకూడదు. తెచ్చినదంతా ఒకచోట పోసి పిల్లలందరూ సమంగా పంచుకోవాలి. అమ్మ ఇవన్నీ విని సరే అనలేదు, వద్దని కూడా అనలేదు. మా ఇంట్లో దాన్ని అంగీకారం అంటారు.

శనివారం నాయనమ్మే నన్ను దెయ్యం చేసింది. తాతయ్య తెల్ల పంచె తల మీదుగా కప్పింది. కళ్ళకి కన్నాలు చెయ్యమంటే, పోయిన మనిషి పంచెకి కత్తెర పెట్టనంది. అందుకని మొహం బయటే ఉంచి పౌడరు దట్టించింది. అంతవరకూ బాగానే ఉన్నాను. చివర్లో ఒకడుగు వెనక్కి వేసి చూసి, "బోసి నుదురుతో ఎల్తాదా ఏటి!" అని నిలువునా ఎర్రటి నామం దిద్దింది. అద్దంలో చూసుకుంటే తిరుపతి వెళ్ళి దారి తప్పిన దెయ్యంలా ఉన్నాను.

అక్కడితో ఆగలేదు. నా గొంతు వంటింటి దాకా వినపడదని సాధన చేయించింది. 'ట్రిక్ ఆర్ ట్రీట్' ఆమె నోట తిరగలేదు కాబట్టి తనకి వచ్చినదే చెప్పించింది. ఆ మధ్యాహ్నమంతా మా హాలు గోవింద నామంతో మోగిపోయింది.

ఫలితం మీరు ఊహించే ఉంటారు. మొదటి ఇంటి ముందు అక్క నన్ను ముందుకి తోసి, కొత్తమ్మాయి అరవాలంది. తలుపు తెరుచుకుంది. నేను ఊపిరి పీల్చి, వంటింటి దాకా వినపడేలా "గోవిందా!" అన్నాను.

మంత్రగత్తె, అస్థిపంజరం, సముద్రపు దొంగలు, అందరూ నా వైపు తిరిగారు. ఈ వీధిలో నా బతుకు కూడా గోవిందా అనుకున్నాను. అదేమిటని అస్థిపంజరం అడిగితే, మా భాషలో 'ట్రిక్ ఆర్ ట్రీట్' అని చెప్పాను. అంత అబద్ధమేమీ కాదు. అక్క కాసేపు ఆలోచించి, ఇదే బాగా గట్టిగా వినిపిస్తోందని తీర్పు ఇచ్చింది. తర్వాతి గేటు నుంచి దెయ్యాలన్నీ కలిసి గోవింద కొట్టాయి.

వీధి చివర ఒక తమిళ తాతగారి ఇల్లు ఉండేది. ఒంటరి మనిషి. లోపల పడిన బంతులు తిరిగి ఇవ్వరని పిల్లల్లో పేరు. గేటుకి కాగితం లేదు, మేము దాటిపోయాం. వెనక తలుపు చప్పుడైంది. ఆయన గేటు దాకా వచ్చి, "యారు గోవిందా సొన్నదు?" అన్నారు. గోవిందా అన్నది ఎవరని. దెయ్యాలన్నీ ఎంతో ఐకమత్యంగా నన్ను చూపించాయి.

ఆయన నా నామాన్ని చూశారు, పంచెని చూశారు, లోపలికి వెళ్ళిపోయారు. పారిపోవలసిన సమయమే, కానీ అక్కకి కుతూహలం ఎక్కువ. ఆయన ఒక గిన్నెతో తిరిగి వచ్చారు. నేను రెండు చేతులా సంచీ పట్టాను. అందులోకి ధారగా బియ్యం పోశారు. తర్వాత నాకు చేతులు జోడించి దండం పెట్టారు. పెరటాసిలో పిల్లలు వస్తే తన భార్య పోసేదని, ఈ ఊరొచ్చాక ఒక్కరూ రాలేదని, ఆ నెల దాటిపోయినా వచ్చారులే అని తమిళంలో అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయని అక్క తర్వాత చెప్పింది. నాకు కనిపించలేదు, నా కళ్ళలో పౌడరు పడింది.

షరతు ప్రకారం మా హాలులో చాప పరిచి అందరి సంచులూ కుమ్మరించాం. చాక్లెట్ల మీద బియ్యం, బియ్యం కింద చాక్లెట్లు. అస్థిపంజరం గింజలు ఏరుతూ సణుగుతోంది. అమ్మ వచ్చి చూసి, ఎవరిచ్చారని అడిగింది. నేను జరిగింది చెప్పాను. ఆయన దండం పెట్టిన దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా పక్కన చాప మీద కూర్చుని తనూ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నాయనమ్మ బెల్లం దంచింది. ఆ రాత్రి మా వీధిలో దెయ్యాలు చిన్న గిన్నెల్లో పరవాన్నం తిన్నాయి.

తాతగారి వాటా ఎవరు తీసుకెళ్ళాలన్న ప్రశ్న వస్తే, నేను వెళ్తానని అమ్మ లేచింది. చాలాసేపటికి తిరిగి వచ్చింది. కాఫీ ఇచ్చారట, తాగిందట. వేడిగా ఉందా అని నాయనమ్మ అడిగితే, ఉంది అంది అమ్మ. వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. మరునాడు సాయంత్రం గేటు బయట సైకిలు బెల్లు మోగింది. "ఓయ్ గోవిందా, వస్తావా?" నా పేరు అది కాదని ఆ వీధిలో ఎవరికీ చివరిదాకా తెలియలేదు. నేనూ దిద్దలేదు. పిలుపు వచ్చినప్పుడు స్పెల్లింగు చూసుకోకూడదు.

ఆ పరవాన్నం వడ్డిస్తూ నాయనమ్మ అమ్మతో అన్న మాట ఒకటుంది. "అడగడం సిన్నతనం అనుకుంతావు గానీ, ఎవులూ అడక్కపోతే ఆ ముసిలోడు తలుపెందుకు తీత్తాడే?" అప్పుడు నేను చాక్లెట్లు పంచే పనిలో ఉన్నాను, పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఎక్కడో పడి ఉంది.

ఇప్పుడు నేను ఒక ఎత్తైన ఫ్లాట్లో ఉంటున్నాను. లిఫ్టులో అందరం తలుపు వైపు తిరిగి, ఒకరినొకరు చూడకుండా చాలా మర్యాదగా ప్రయాణిస్తాం. ఏది కావాలన్నా ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. అయినా ఏ కొత్త ఇంట్లో చేరినా, మొదటి వారంలోనే పక్కింటి తలుపు తట్టి, రెండు రెమ్మలు కరివేపాకు ఉంటే ఇస్తారా అని అడుగుతాను. నా ఫ్రిజ్‌లో కరివేపాకు కట్ట కట్టంతా అలాగే ఉంటుంది.