ఈశాన్యం తప్పించిన వైరు

అన్నయ్య విజయవాడలోని మా ఇల్లు బాగుచేయిస్తున్న వేసవిలో, గోడలోపలి వైరు ఏ దారిన పోవాలో వాస్తు సిద్ధాంతి నిర్ణయించాడు. మీటరు ఆగ్నేయానికి మారింది. అక్కడినుంచి హాల్లోని స్విచ్‌బోర్డుకు వైరును తెచ్చే పైపు, శ్లాబు కింద తిన్నగా సాగి, బోర్డు పైన నిటారుగా దిగాలి. అలా ఉంటే వైరు ఎక్కడుందో ఎవరైనా ఊహించగలరు. కానీ ఆ బోర్డు ఈశాన్య మూలకు దగ్గరగా ఉంది.

"ఈశాన్యంలో అగ్ని పైనుంచి దిగకూడదండీ," అన్నాడు సిద్ధాంతి.

"మరి బోర్డు ఉండొచ్చా?" అన్నాను.

"బోర్డుకి దోషం లేదు."

"దిక్కులు చూసుకుని నడవమని కరెంటుకి ఎవరు చెప్పారండీ?"

"ఒరేయ్, నీ ఉపన్యాసాలు మీటింగుల్లో చెప్పుకో," అని అన్నయ్య నా నోరు మూయించాడు.

ఎలక్ట్రీషియన్ మీటరు నుంచి బోర్డు దాకా గోడను ఏటవాలుగా చీల్చి పైపు పాతాడు. ప్లాస్టరింగు, సున్నం అయ్యాక ఆ గీత మాయమైంది.

పక్కనే ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారవుతున్నా మా వీధికి మధ్యాహ్నం కోత తప్పేది కాదు. ఒకరోజు ఆ కోత సమయంలోనే వదిన హాలు గోడకు మేకు కొట్టి, స్టీలు ఫ్రేము అద్దాన్ని ఇనుప తీగతో వేలాడదీసి స్నానానికి వెళ్ళింది. నేను లోపలికి వచ్చి అద్దాన్ని చూస్తుండగా ఫ్యాను తిరగడం మొదలైంది.

గోడలోని ఏటవాలు పైపు గుర్తొచ్చింది. మీటరు ఒక పక్క, బోర్డు ఒక పక్క, మధ్యలో మేకు. టెస్టరు తెచ్చి మేకుకు ఆనించాను. ఎర్రగా వెలిగింది. ఫ్రేముకు ఆనించాను. అక్కడా వెలిగింది.

మూఢనమ్మకం మనిషి బుద్ధిని చెరుస్తుందని ఎన్నో సభల్లో అరిచాను. అది ఇలా గోడలో పడుకుని మనిషి చెయ్యి కోసం ఎదురుచూస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

బాత్రూం తలుపు గడియ తీసిన చప్పుడైంది. మెయిన్ స్విచ్ వరండాలో ఉంది. నేను అటు పరిగెత్తితే వదిన ఇటు వచ్చేస్తుంది. అక్కడే ఆగి, చేతులు చాపి అద్దానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏం మరిదిగారూ, దెయ్యాల్లేవని ఊరంతా చెప్పి అద్దంలో దేన్నైనా చూశారేంటి?" తడి జుట్టుతో, చేతిలో బొట్టుపెట్టెతో నవ్వుతూ వస్తోంది. "అద్దం ఒంకరగా ఉంది, తప్పుకోండి, సరిచేస్తా."

"ముట్టుకోకు వదినా! అన్నయ్యా, మెయిన్ ఆపు!"

"ఎందుకురా?" వరండాలోంచి అన్నయ్య.

"ముందు ఆపు!"

ఫ్యాను రెక్కలు ఆగేదాకా నేను చేతులు దించలేదు. తర్వాత మేకు చుట్టూ పెచ్చు రాలగొట్టాం. మేకు పైపును చీల్చుకుని ఎర్ర వైరులోకి దిగి ఉంది. వదిన తన తడి అరచెయ్యి చూసుకుని, చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఈసారి ఎటు తీసుకెళ్ళమంటారండీ? సిద్ధాంతిగారిని అడిగారా?" అన్నాడు.

అన్నయ్యకు బదులు వదినే అంది: "పైనుంచి తిన్నగా దించవయ్యా. దోషముంటే శాంతి చేయిస్తారు. నేను పోతే ఏం చేయిస్తారు?"

పైపు నిటారుగా దిగింది. అయినా స్నానం చేసి వచ్చినప్పుడల్లా వదిన ఆ గోడకు ఎడంగా, హాలు రెండో పక్కనుంచి నడిచేది.