ముక్కుమేస్త్రి దగ్గు

మా అన్నయ్యను మిల్లులో అందరూ ముక్కుమేస్త్రి అంటారు. పేరుకు తగ్గ ముక్కే లెండి, మనిషికంటే ముందు అదే గుమ్మం దాటుతుంది. ఆ ఆలివ్ నూనె మిల్లులో రుచి చూడడం ఆయన ఉద్యోగం. చిన్న గ్లాసులో నూనె పోసి, మూతపెట్టి, అరచేతుల్లో వెచ్చచేసి, వాసన చూసి, గుక్కెడు గొంతులోకి పీల్చి దగ్గుతాడు. కొత్త నూనె గొంతు మండిస్తుంది. దగ్గు తెప్పించిందంటే సరుకులో పస ఉందన్నమాట.

ఆ మంట పుట్టించే పదార్థమే మతిమరుపు జబ్బు నుంచి కాపాడుతుందేమోనని ఎవరో పరిశోధన చేశారట. ఆ మాట చెవిన పడితే మా యజమాని ఊరుకుంటాడా? ‘ఏమో’ను గాలికొదిలేసి, సీసాల మీద అన్నయ్య ఫోటో వేయించాడు. కింద ‘జీవితమంతా తాగాడు, ఏదీ మరవలేదు’ అని అచ్చు. ఆ కాగితాలు అంటించేది నేనే. పొద్దస్తమానం మా అన్నయ్య మొహాన్ని బొటనవేలితో నొక్కుతూ కూర్చుంటాను, ఏం ఖర్మో!

ఈ ఏడు కాయలు కుప్పల్లోనే మగ్గి పులిశాయి. డ్రమ్ము మూత తీయగానే నేనే ముక్కు మూసుకున్నాను. అన్నయ్య మాత్రం తాగి, దగ్గి, “బ్రహ్మాండం” అన్నాడు. గొంతుకు మంట తెలుస్తోంది, ముక్కుకే ఏమీ తెలియడం లేదు. ఆ గదిలో గ్లాసులు కడిగేది మా వదిన. అప్పట్నుంచి తనే ముందు వాసన చూస్తోంది. అన్నయ్యకు సైగగా, బాగుంటే చెవికమ్మ సవరించుకుంటుంది, లేకపోతే బల్ల తుడుస్తుంది. తుమ్మొచ్చినా పక్కకు పోవడానికి లేదు పాపం.

అన్నయ్య మాటలు కూడా మరచిపోతుంటే భయమేసి, వదిన గుట్టుగా డాక్టరమ్మను అడిగింది.

“నూనె సంగతి ఎలుకల్లో కొంత కనబడిందమ్మా. మనుషుల్లో ఇంకా తేలలేదు. తాగితే తాగనివ్వండి గానీ అదే మందనుకోకండి. వాసన పోవడం, మాట మరవడం రెండూ కలిసొస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. తీసుకురండి.”

సెలవు కోసం యజమాని దగ్గరికి వెళ్తే ఆయన, “మతిమరుపు డాక్టరు గుమ్మంలో మీ ఆయన్ని ఎవరైనా చూస్తే మనందరి నోట్లో మట్టే. సీజన్ కానివ్వమ్మా” అన్నాడు. వాళ్లుండే ఇల్లు మిల్లుదే, ఆవరణలోనే ఉంది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. “నువ్వేం మనిషివి వదినా! నేనే తీసుకెళ్తా” అని ఎగిరాను.

“తీసుకెళ్లి? తర్వాత మమ్మల్ని ఎక్కడ పెడతావు, నీ ఒంటిగదిలోనా?” అంది. నేను మళ్లీ కాగితాలు అంటించడానికి కూర్చున్నాను.

మొన్న పెద్ద కొనుగోలుదార్లు వచ్చారు. సీసాలు అందించడానికి నేనూ ఆ గదిలోనే ఉన్నాను. అన్నయ్య గ్లాసు తీసుకున్నాడు, వాసన చూశాడు. వదిన చెవికమ్మ సవరించుకుంది. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“నాకు వాసన తెలియడం లేదండీ. చాన్నాళ్లయింది. నిన్న మా ఇల్లెక్కడో తెలియక ఈ ఆవరణలోనే తిరిగాను.”

యజమాని పకపకా నవ్వాడు. “మా మేస్త్రికి వేళాకోళం ఎక్కువండీ!” అందరూ నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

“నిజమండీ” అన్నాడు అన్నయ్య. ఇంకా నవ్వారు.

వచ్చినవాళ్లలో ఒకావిడ వదిన వైపు తిరిగింది. “నిజమేనా అమ్మా?”

చెప్పు వదినా, చెప్పేయ్, ఇల్లు పోతే పోయింది అని లోపల కొట్టుకుంటున్నాను. చేతులు మాత్రం సీసాలు అందిస్తూనే ఉన్నాయి. అన్నయ్య కూడా ఆమె వైపే ఆశగా చూశాడు.

వదిన నవ్వింది. “ఆయనకు అన్నీ పరాచికాలేనండీ.”

అన్నయ్య మొహంలో అయోమయం. నుదురు చిట్లించాడు.

“అవునా? పరాచికాలాడానా నేను?” అని ఆమెనే అడిగాడు.

“అవునండీ. తాగండి” అంది వదిన.