కమ్మర్‌పల్లి ఆటోలో నేను లేను

ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలి. వచ్చే నెల మా యూనివర్సిటీలో కొత్త పరిశోధక విద్యార్థులు చేరుతున్నారు. ఊళ్లకు వెళ్లి మనుషులను ప్రశ్నలు అడిగేటప్పుడు ఎలా నడుచుకోవాలో వాళ్లకు నేర్పాల్సిన మా మేడం పోయిన నెల చనిపోయారు. ఆమె క్లాసు కూడా ఆమెతోనే పోయేలా ఉంది. అది పోకుండా ఉండాలంటే ఇది చదివేవాళ్లలో కొందరి సాయం కావాలి. ఆ సంగతి చివర చెబుతాను.

వార్త తెలిసినప్పుడు నేను ఇందల్వాయి దగ్గర హైవే మీద నిజామాబాద్ బస్సు కోసం చూస్తున్నాను. ఫోన్ చేసింది బోధన్ ఆపా. మేము ఇద్దరమూ మేడం దగ్గరే చదువుకున్నాం. ఆపా నాకంటే ఒక ఏడాది ముందు. బోధన్‌లో వాళ్లది గాజుల దుకాణం. డిపార్ట్‌మెంట్‌లో అందరమూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేవాళ్లం.

"చెల్లె, ఏడున్నవ్? జర ఎక్కడన్న కూసో."

"ఏమైంది ఆపా?"

"మేడం పోయిండ్రు. పొద్దుగాల గుండె ఆగిపోయిందట. వాళ్ల చెల్లె ఫోన్ చేసింది."

ముందు ఏడుపు రావాల్సింది. కానీ ముందు వచ్చిన ఆలోచన వేరు. వాళ్ల చెల్లెలు ఆపాకు ఎందుకు చేసింది, నాకు ఎందుకు చేయలేదు? ఆ తర్వాతే అక్కడున్న రాయి మీద కూర్చుని ఏడ్చాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయరని నాకు తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు రాయమని నేర్పింది ఆమే.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతుంది. నేను పరిశోధన చేస్తానంటే అవ్వ కాదనలేదు గానీ, శనివారం మేడం క్లాసు అంటే ఆమెకు గిట్టేది కాదు.

"గా మేడం ఏం జెప్తది మీకు?"

"మంది తాన మంచిగ ఎట్ల నడుసుకోవాల్నో చెప్తరు అవ్వా."

"గది నేర్పనీకి యూనివర్సిటీ గావాల్నా? మరి ఇన్నొద్దులు నేనేం నేర్పినట్టు?"

ఆకు కత్తిరించుకుంటూ "మేడమట మేడం" అని చాలాసేపు గొణుక్కునేది. అసూయ ఉన్నది మా ఇంట్లో నా ఒక్కదానికే కాదు.

మేడం బోర్డు మీద పెద్దగా ఏమీ రాసేవారు కాదు. క్లాసు ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించేవారు. ఊళ్లో వాళ్లను ఏమేం అడగబోతున్నామో, ఆ ప్రశ్నలన్నిటికీ ముందు మనం ఆ కుర్చీలో కూర్చుని అందరి ఎదుట జవాబు చెప్పాలి. ఏ ప్రశ్నకైనా "చెప్పను" అనొచ్చు. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఆ కుర్చీ దాటనిదే ఎవరినీ ఊళ్లకు పంపేవారు కాదు.

నాది బోధన్‌లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ పనివాళ్ల కుటుంబాల మీద పరిశోధన. నా వంతు వచ్చినప్పుడు ఒక జూనియర్ నా కాగితం చూసి నన్నే అడిగింది. "ఇంట్ల ఎవరన్న తాగుతరా? తాగి కొడ్తరా?" నేను అన్నిటికీ చెప్పాను. మా బాపు సంగతి, అవ్వ నుదుటి మీది మచ్చ సంగతి, అన్నీ. ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు కాబట్టి మేడం మెచ్చుకుంటారనుకున్నాను.

ఆమె కుర్చీ దగ్గరకు వచ్చి మెల్లగా అన్నారు. "ఒక్కటన్న చెప్పను అంటవేమో అని చూసిన బిడ్డా."

"మీరుండంగ చెప్పనని ఎట్లంట మేడం?"

"గదే. రేపు బోధన్ల ముసలాయన గూడ గట్లనే అనుకుంటడు. నీ చేతిల కాయితం, పెన్ను ఉన్నయి. కాదనడు. కాదనలేనోని తాన గుంజుకున్న మాట, ఇచ్చిన మాట గాదు."

ఆ మాట అర్థమైంది. ఇప్పటికీ ఎవరి ఇంటి గడప ముందు నిలబడినా అదే గుర్తొస్తుంది. కానీ నా వెనకే ఆపా వంతు వచ్చింది. ఆమెది బీడీలు చుట్టే ఆడవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన. మగపిల్లలందరి ముందూ నెలసరి గురించిన ప్రశ్న పడగానే ఆపా పకపకా నవ్వింది. "చెప్ప. నువ్వు మొక్కినా చెప్ప. ఇంకోటి అడుగు." క్లాసంతా నవ్వింది. మేడం చప్పట్లు కొట్టారు. ఆ ప్రశ్నను ఆడవాళ్లను పక్కకు తీసుకుపోయి విడిగా అడగాలని అప్పటికప్పుడు మార్పించారు. ఒక్క "చెప్ప"తో ఆమె ప్రశ్నల కాగితం బాగుపడింది. నాకు చప్పట్లు రాలేదు.

మేడంకు ఒక అలవాటు ఉండేది. ఎవరి ఇంట్లో కూర్చున్నా చేతి గడియారం తీసి, ముళ్లు ఇంటివాళ్లకు కనబడేలా నేల మీద పెట్టేవారు. "ఎంతసేపు కూసుంటనో చెప్పిన గదా, దాటితే లేపుండ్రి నన్ను" అనేవారు. బోధన్‌లో ఒకాయన నిజంగానే లేపాడు. అప్పుడు ఆయన మనవరాలి ముచ్చట మంచి పట్టు మీద ఉంది. మేడం చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేశారు. ఆ మిగతా ముచ్చట ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు.

నా మొదటి వ్యాసం అచ్చుకు పంపేటప్పుడు మేడం పేరు నా పేరు కంటే ముందు పెట్టాను. మా దగ్గర అందరూ అలాగే పెడతారు. ఆమె పెన్సిలుతో కొట్టేశారు. "నేను రాయలే, నీ ఎంట ఊళ్లె తిరగలే. నా పేరెందుకు?" అన్నారు. అది సరైన పనే. తర్వాతి ఏడాది ఆపా వ్యాసం వచ్చింది. దాని మీద రెండు పేర్లున్నాయి. రెండోది మేడంది. అదీ సరైన పనే, ఎందుకంటే ఆపాతో ఆమె తిరిగారు. ఎందుకు తిరిగారో చెప్పాలి.

ఆపా కమ్మర్‌పల్లి వైపు బీడీల ఇళ్లకు వెళ్లి, ఇది చదువు కోసం అని చెప్పి, ఒప్పుకుంటున్నట్టు సంతకాలు తీసుకుంది. వేలిముద్రలు వేసినవాళ్లూ ఉన్నారు. కానీ మా జిల్లాలో ఎవరైనా కాగితాలు పట్టుకుని బీడీలు చుట్టే ఇంట్లో కూర్చుని, పేరేంటి, వయసెంత, ఎన్నేళ్లుగా చుడుతున్నావు అని అడిగితే, అది సర్కారు ఇచ్చే బీడీ పింఛన్ కోసమే అయి ఉంటుంది. ఆపా ఏం చెప్పినా వాళ్లకు వినబడింది పింఛనే. మళ్లీ వెళ్లేసరికి ఆడవాళ్లు ఆధార్ జిరాక్సులు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు.

సంతకాలు సరిగానే ఉన్నాయి. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆపా నేరుగా మేడం గదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"మేడం, వాళ్లు పింఛన్ అనుకున్నరు. నాకు అప్పుడే డౌటొచ్చింది. గని మల్ల అడగలే."

మేడం చాలా గట్టిగా తిట్టారు. నన్నెప్పుడూ అంత గట్టిగా తిట్టలేదు. "వాళ్లకు సమజ్ గాకపోవుడు నీ తప్పు గాదు. డౌటొచ్చినంక అడగకపోవుడు తప్పు." ఆ వెంటనే, "రేపు పొద్దుగాల బస్టాండుకు రా, పోదాం" అన్నారు.

"మీరు గూడనా మేడం?"

"నీకు నేర్పింది నేనే గదా. నేనొక్కదాన్నే ఫ్యాన్ కింద కూసుంటనా?"

నేను ఉండబట్టలేక అడిగాను. "నేను గూడ రానా మేడం?"

"నీ పని మంచిగనే నడుస్తున్నది గదా బిడ్డా. నువ్వెందుకు ఎండల?"

ఆ ఎండ నాకు కావాలి. ఇప్పటికీ కావాలి.

తర్వాతిదంతా నాకు ఆపా చెప్పిందే. ఆర్మూర్‌లో షేర్ ఆటో ఎక్కారట. ముందు సీటు నిండిపోయి, మేడం వెనక మక్కజొన్న బస్తాల పక్కన, కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చున్నారట. ఇంటింటికీ వెళ్లి, ఇది పింఛన్ కాదు, దీనివల్ల మీకు రూపాయి కూడా రాదు అని చెప్పారు. ఒకామె చాట పక్కకు నెట్టి లేచిందట.

"పింఛన్ గాకుంటె మరి మొన్న గంటసేపు ఎందుకు కూసున్నది గీ పోరి? చాయ్ ఎందుకు తాగింది?"

"చాయ్ మంచిగున్నదని చెప్పింది నాకు" అన్నారట మేడం. "గందుకే నేనూ వచ్చిన. కాయితం మాత్రం వాపస్ తీసుకోరి."

ఆమె నవ్వలేదట. కాగితం తీసుకుని అక్కడే చింపేసిందట. చాయ్ మాత్రం పెట్టింది. ఇంకొకామె "పింఛన్ రాకపోతే రాకపాయె, నా నడుం నొప్పి సంగతి రాసుకో" అని మళ్లీ సంతకం చేసింది. చింపినవాళ్లే ఎక్కువ. ఆపా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆపా ఏడిస్తే మేడం అన్న మాట ఇది: "పోయిన కాయితాలు మల్ల జమైతయి. మన తర్వాత ఆ ఇంటికి ఇంకొకలు పోవాలె గదా. వాళ్లను లోపటికి రానియ్యాలె."

సాయంత్రం ఇద్దరూ ముఖాలు కందిపోయి తిరిగొచ్చారు. మరుసటి రోజు మళ్లీ పోయారు. వాళ్ల మధ్య నాకు తెలియని నవ్వులు మొదలయ్యాయి. ఎవరైనా "నడుం నొప్పి" అంటే చాలు, ఒకరినొకరు చూసుకునేవారు. నేను ఏ పొరపాటూ చేయలేదు, ఏ కాగితమూ చింపించుకోలేదు, అనుకున్న సమయానికే పూర్తి చేశాను. నాకు దక్కింది "మంచిగనే ఉన్నది". నేను మేడంను ఎంత ప్రేమించానో చెప్పడానికి ఈ అసూయ కంటే నికార్సయిన సాక్ష్యం నా దగ్గర లేదు.

సంతాప సభలో అందరూ ఆపా దగ్గరకే వెళ్లి చేతులు పట్టుకున్నారు. మేడం చెల్లెలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కుర్చీలు సర్దాను. సభ అయ్యాక డిపార్ట్‌మెంట్ పెద్ద సార్‌ను క్లాసు గురించి అడిగాను.

"వీడియోలున్నయి గదమ్మా. చూస్తరు, కింద బటన్లు నొక్కుతరు, సర్టిఫికెట్ వస్తది."

"సార్, బటన్‌కు ఎవరూ 'చెప్పను' అనరు."

ఆయన మనసు లేని మనిషి కాదు. "నువ్వు చెప్తవా?" అన్నారు. చెబుతానన్నాను. "ఒక్కదానివేనా? నువ్వు కుర్చీల కూసుంటే నిన్ను అడిగేదెవరు? మేడం తాన నేర్చుకున్నోళ్లను ఇంకొందరిని తీస్కరా. జీతం ఉండదు. శనివారాలు రావాలె. కొత్తోళ్లు చేరేలోపు పేర్లు ఇయ్యి. లేకుంటె వీడియోలే."

అందుకే ఇది రాస్తున్నాను. రాశాక మొత్తం ఆపాకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆమె ముచ్చట ఆమెను అడక్కుండా అచ్చు వేయించలేను.

ఆమె చివరిదాకా విని నవ్వింది. "అరె, ఇంత కుళ్లు కడుపుల పెట్టుకొని నా తాన చాయ్ ఎట్ల తాగినవే?"

"చాయ్ మంచిగుండె ఆపా. పింఛన్ సంగతి ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

"ఉంచు. మల్లొకలు చెయ్యొద్దు. పేరు మాత్రం పెట్టకు. ఇంగ ఆటోల వాపస్ వచ్చేటప్పుడు మేడం నాతోని అన్నది రాసినవ్ సూడు, గది తీసెయ్."

తీసేశాను. ఎందుకని అడగలేదు. ఇందులో అది ఉంటే మేడం మీకు ఇంకాస్త తెలిసేవారు. అంత తేలిగ్గా వద్దనగలగడం కూడా ఆపాకే వచ్చు.

శనివారాలు వస్తావా అని అడిగితే, "బోధన్ కాలేజీల నాకూ క్లాసులుంటయి, ఆలోచించి చెప్త" అంది.

మేడం క్లాసులో కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆర్మూర్‌లో ఉన్నా, భీమ్‌గల్‌లో ఉన్నా, ఉద్యోగం వచ్చి దూరం పోయినా, నెలలో ఒక్క శనివారం రాగలరేమో ఈ పత్రిక చిరునామాకు ఒక్క ముక్క రాయండి. రాలేకపోతే అదీ రాయండి, లెక్క తేలుతుంది. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా అందాలి, ఎందుకంటే మర్నాడు నేను పేర్లు ఇవ్వాలి. ఆపా ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమెకు కూడా ఇరవయ్యో తేదీయే గడువు. మేడం అయితే ఆమెకు ఇంకో రెండు రోజులు ఇచ్చేవారు. నేను ఇవ్వను.