సన్యాసయ్య ఎర్ర తువ్వాలు

పూండి స్టేషనుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ ఊళ్ళో హెలికాప్టరు చప్పుడు వినబడితే పిల్లలు ఆకాశం వైపు చూడరు, ముందు మంగమ్మ పెరటి వైపు చూస్తారు. ఆవిడ పొయ్యి ముందున్నా, తోటలో జీడిపిక్కలు ఏరుతున్నా, చేతిలో పని అక్కడే పడేసి బయటికొస్తుంది. పోయిన మొగుడి ఎర్ర తువ్వాలు పైకెత్తి ఊపుతుంది. హెలికాప్టరు కనుమరుగయ్యేదాకా ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిలో పడుతుంది. పిచ్చిదనుకుంటే మీ ఇష్టం. ఆ ఊళ్ళో మటుకు ఎవరూ అనుకోరు. పెద్ద తుపాను వచ్చిన ఏడు ఊరు ఊరంతా ఆ పనే చేసింది మరి.

ఆ ఏడు కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయి దారులన్నీ మూసుకుపోయాయి. ఎవరింటి రేకులు ఎవరి తోటలో పడ్డాయో తెలీదు. తాగుదామంటే గుక్కెడు నీళ్ళు లేవు. అప్పుడు సన్యాసయ్య కూలిన పనసచెట్టు ఎక్కి, భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. ఎటో పోతున్న హెలికాప్టరు వెనక్కి తిరిగొచ్చి పులిహోర పొట్లాలు వదిలింది. అందులో ఒకటి తిన్నగా వచ్చి సన్యాసయ్య నెత్తిన పడింది. అంతవరకూ కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్న మంగమ్మ అది చూసి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ కళ్ళల్లో నీళ్ళొస్తాయి.

తర్వాత దారులు తెరుచుకున్నాయి. కొత్త రేకులొచ్చాయి, కొత్త కరెంటు స్తంభాలొచ్చాయి. ఊళ్ళో అందరూ ఊపడం మానేశారు, సన్యాసయ్య తప్ప.

"ఇప్పుడేటి పొట్లాలు ఇసురుతారని ఊపుతన్నావు మావా?" అని మంగమ్మ ఏడిపించేది.

"ఆకలేసినప్పుడు పిలిసి, కడుపు నిండినాక మొకం తిప్పుకుంటామేటే? పలకరించడం మన వంతు. పలకడం ఆల్లిష్టం," అనేవాడు.

కిడ్నీ జబ్బు ఆ ప్రాంతంలో ఎంతమందిని తినేసిందో ఆయన్నీ అలాగే తినేసింది. డయాలసిస్‌కి పలాస వెళ్ళే బస్సులో కూడా, చప్పుడు వినబడితే కిటికీలోంచి తువ్వాలు ఊపాడు మహానుభావుడు. ఆయన పోయాక చొక్కాలు, పంచెలు ఎవరికో ఇచ్చేశారు గానీ తువ్వాలు మాత్రం మంగమ్మ ఇవ్వలేదు. ఆ నెల్లోనే ఒక హెలికాప్టరు వెళ్ళింది. ఆవిడ చెయ్యి దానంతట అదే లేచింది.

మొన్న ఫాల్గుణంలో పక్క ఊళ్ళో ఒక కాంట్రాక్టరు కూతురి పెళ్ళయింది. పెళ్ళికూతురు మండపానికి వస్తుంటే పైనుంచి పూలు జల్లడానికి చిన్న హెలికాప్టరు మాట్లాడారు. చేత్తో జల్లితే అది పెళ్ళి కాదు కాబోలు! పూలు జల్లేసి తిరిగి పోతూ అది మంగమ్మ తోట మీదుగా వచ్చింది. తూనీగంత ఉంది. ఆవిడ జీడిపిక్కల బుట్ట వదిలేసి, కొబ్బరిచెట్ల అంచుదాకా పరుగెత్తి తువ్వాలు ఊపింది.

దాటిపోయిన హెలికాప్టరు వెనక్కి తిరిగింది. అచ్చం ఆనాటిలాగే.

"మావా, సూసినావా?" అంది మంగమ్మ పక్కన మనిషి ఉన్నట్టే. అది ఆవిడ మీదికి దిగుతూ వచ్చింది. లోపల ఒక కుర్రాడి మొహం, పైకెత్తిన చెయ్యి కనిపించాయి. కొబ్బరి మట్టల వెనక నుంచి పోతున్న కరెంటు తీగలు ఆ కుర్రాడికి కనిపించలేదు. హెలికాప్టరు తోక తీగలకు తగిలింది. భగ్గున మెరిసి నిప్పులు రాలాయి. తెగిన తీగతో సహా అది గిర్రున తిరిగి జీడిచెట్ల మీద కూలింది.

ఊరంతా పరుగెత్తుకొచ్చింది. నేల మీద తీగ పడి ఉంది. లైన్‌మన్ ఉమామహేష్ చేతులు అడ్డం పెట్టి అందర్నీ ఆపేసి, లైను ఆపమని సబ్‌స్టేషన్‌కి ఫోను చేశాడు. ఆపామని వాళ్ళు చెప్పేదాకా ఒక్కరూ కదల్లేదు. లోపల కుర్రాడి మూలుగు వినబడుతూనే ఉంది. ఆ కాసేపూ మంగమ్మకి తుపాను రాత్రి కన్నా కష్టంగా గడిచింది. జీడికొమ్మలు అడ్డుపడి కాచాయి గనక ప్రాణం దక్కింది. చెయ్యి విరిగింది, తొడ చీరుకుపోయి రక్తం కారుతోంది. మంగమ్మ తువ్వాలుతో గట్టిగా కట్టు కట్టింది. కాళ్ళ కింద ఎక్కడ చూసినా బంతిపూల రేకులు. అప్పుడవి ఎవరికి పట్టాయి? అంబులెన్సు ఆ కుర్రాణ్ణీ తువ్వాలునీ కలిపి పలాస తీసుకుపోయింది.

ఆనాటి నుంచి మంగమ్మకి ముద్ద దిగలేదు.

"ఎగిరేవోడు తీగలు సూసుకోవాల గానీ నీదేటి తప్పు అప్పా?" అంది, ఆవిణ్ణి సొంత అక్కలా చూసుకునే పక్కింటి హేమ.

"పిలవని పేరంటానికి ఎవులొత్తారే? నాను పిలిసినాను, ఆడొచ్చినాడు. మావ ఊపితే అన్నం పడింది. నానూపితే మనిసి పడ్డాడు." ఇక జన్మలో ఊపనని ఒట్టు పెట్టుకుంది. కానీ అసలు సంగతి ఆ కుర్రాడి నోటినుంచి వినకపోతే ఆవిడకి బతుకు లేదు. లేత కొబ్బరిబొండాలు సంచిలో వేసుకుని, హేమను తోడు తీసుకుని పలాస ఆసుపత్రికి వెళ్ళింది.

కుర్రాడి పేరు ఫణీంద్ర. చేతికి పిండికట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బాబూ, ఎర్ర తువ్వాలు ఊపింది నానే. అది సూసే దిగినావా? అబద్దం సెప్పకు," అంది మంగమ్మ, మంచం కమ్మీ పట్టుకుని.

"అవునమ్మా," అన్నాడతను.

హేమ ఆవిడ భుజం పట్టుకుంది.

"పైనుంచి వెళ్తుంటే అందరూ ఫోన్లెత్తి వీడియోలు తీస్తారమ్మా. మీరొక్కరే ఇంట్లో మనిషిని పిలిచినట్టు ఊపారు. పెళ్ళి దగ్గర జల్లగా కొన్ని పూలు పెట్టెలో మిగిలిపోయాయి. అవి మీ మీద జల్లి పోదామని దిగాను. తీగలు చూసుకోవలసింది నేను. మీరు కాదు."

జీడిచెట్ల కింద తొక్కుకుంటూ నడిచిన బంతిరేకులు అప్పుడు గుర్తొచ్చాయి మంగమ్మకి. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, ఆసుపత్రి వార్డులో పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫణీంద్ర దిండు కింద నుంచి తువ్వాలు తీసి ఇచ్చాడు. "నర్సమ్మ ఉతికిందమ్మా. మరకలు పోలేదు."

"పోకపోతే పోనీ బాబూ. ఆయన సెమట మరకలే ఇంకా పోనేదు," అని మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ మధ్య మళ్ళీ ఒక పెద్ద హెలికాప్టరు తీరం వెంబడి వచ్చింది. పిల్లలు అలవాటు చొప్పున మంగమ్మ పెరటి వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. పాపం, మానేసిందనుకున్నారు. హేమకి మాత్రం అనుమానం వచ్చి సముద్రం వైపు పరుగెత్తింది. స్తంభం గానీ తీగ గానీ లేని ఒట్టి ఇసకలో, అలల అంచున నిలబడి మంగమ్మ తువ్వాలు ఊపుతోంది.

"మల్లీ పిలుత్తన్నావేటప్పా?" అంది హేమ రొప్పుతూ.

"పిలవడం కాదే. పలకరిత్తన్నాను," అంది మంగమ్మ. ఆకాశం మీంచి చూపు తిప్పకుండా, పోతున్నవాళ్ళకి వినబడుతుందన్నట్టే గొంతెత్తింది.

"దిగకు నాయినా. సల్లగా ఎల్లు."