చెక్కనూనె సంతకం

చెక్కనూనె అనేది మేమిద్దరం పెట్టుకున్న పేరు. చెక్కపొట్టును గాలి తగలకుండా మాడ్చి తీసే నల్లటి నూనె అది. ఒకటే కంపు, చేతికి అంటిందంటే రెండు రోజులు పొగ వాసన పోదు. హ్యూస్టన్ పక్కన మా రిఫైనరీలో దాన్ని క్రూడ్ ఆయిల్‌తో కలిపి వండి, వచ్చిన పెట్రోల్లో కొంత భాగాన్ని రెన్యూవబుల్ అని అమ్మేవాళ్ళు. మన దగ్గరైతే దీన్ని కల్తీ అంటారు, ఇక్కడ అవార్డులిస్తారు అని నవ్వుకునేవాళ్ళం.

ఇద్దరం అంటే నేనూ, నా కింద ల్యాబ్‌లో చేరిన వరంగల్ అమ్మాయీ. నన్ను అక్కా అని పిలిచేది. నాకు సిటిజన్‌షిప్ వచ్చి పదేళ్ళు దాటింది. తనది ఇంకా హెచ్‌వన్ వీసానే, ఉద్యోగం ఉన్నంతవరకే.

పెట్రోల్లో చెక్క వాటా ఎంతో తేల్చడం మా పని. భూమిలోంచి తోడిన చమురులో కార్బన్ కోట్ల ఏళ్ళది, చెట్టుది నిన్నమొన్నటిది. ఆ వయసు తేడా పట్టిస్తుంది. పట్టించింది కూడా. పోసిన చెక్కనూనెలో ఎక్కువ భాగం బొగ్గూ, గ్యాసూ, నీళ్ళూ అయిపోయింది, పెట్రోల్లోకి దిగింది కాస్తే. మా మేనేజర్ మాత్రం పోసిందంతా దిగినట్టు రిపోర్ట్ తయారుచేసి సంతకం పెట్టమన్నాడు. చచ్చినా పెట్టనన్నాను. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర గొప్పలు పోయాను కూడా.

మర్నాడు ఆ కాగితం అమ్మాయి టేబుల్ మీదికెళ్ళింది. పెట్టొద్దని నోటిదాకా వచ్చింది. పెట్టకపోతే ఏమవుతుందో తెలుసు, మింగేశాను. సంతకం పెట్టేసింది. సాయంత్రం పార్కింగ్‌లో తనే ఆగి చెప్పింది.

"మీరు కాదంటే నడుస్తది అక్కా. నేను కాదంటే నడుస్తదా?"

ఏడాది తిరక్కుండా బయటి నుంచి ఆడిటర్లు దిగారు. ఒకావిడ ఆ రిపోర్ట్ నా ముందు పెట్టి ఏం జరిగిందో చెప్పమంది. మేనేజర్ ముందు నన్నే పెట్టమన్నాడని చెప్పొచ్చు. అసలు రిజల్ట్ నాకు తెలిసీ ఊరుకున్నానని చెప్పొచ్చు. మహా నిజాయితీపరురాలిని కదా, నోరు తెరవగానే వచ్చిన మాట, ఆ సంతకం నాది కాదని. ఆవిడ రాసుకుంది. నేనింకేమీ చెప్పలేదు.

మేనేజర్ తనకేమీ తెలియదన్నాడు. ఈ రోజుకీ అదే కుర్చీలో ఉన్నాడు, దున్నపోతు. అమ్మాయిని తీసేశారు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. ఆ సంతకం చూసినవాడెవడిస్తాడు?

సామాన్లు సర్దుతుంటే సాయం వెళ్ళాను. అట్టపెట్టెకి టేప్ వేస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆడిటర్‌కి ఏం చెప్పిన్రు అక్కా?"

"ఉన్నమాటే చెప్పాను," అన్నాను.

ఛీ, అబద్ధమాడినా బాగుండేది.